రీరికార్డింగ్‌కూ ఒక ఆల్బమ్ కావాలి, వాయించినవాళ్లకూ ఒక పేరు కావాలి

సంపాదకులకు నమస్కారం.

సంగీతం చుట్టూ అల్లిన ప్రేమకథా చిత్రాల మీద గత ఆదివారం అనుబంధంలో మీరు వేసిన పూర్తి పేజీ కథనం చదివాను. 1983 నాటి సాగరసంగమం, 1986 నాటి సిరివెన్నెల, 1988 నాటి రుద్రవీణ, అక్కడి నుంచి 2016లో వచ్చిన హాలీవుడ్ సినిమా లా లా ల్యాండ్ దాకా మంచి సినిమాలే ఏరారు. దర్శకులు, నటులు, పాటలు రాసినవాళ్లు, పాడినవాళ్లు అందరి పేర్లూ ఉన్నాయి. వాయించినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. సిరివెన్నెలలో హీరో చూపు లేని వేణుగాన కళాకారుడు. కథంతా ఆ వేణువు మీదే నడుస్తుంది. తెర వెనక ఆ వేణువు వాయించింది పండిట్ హరిప్రసాద్ చౌరాసియా. అంతటి పేరు కూడా ఆ పేజీలో కనపడకపోతే నాకు చానా బాధేసింది. కోపంతో రాయడం లేదు. ఆ పేజీని వారం వారం ఇష్టంగా చదివేవాణ్ణి కాబట్టే రాస్తున్నాను.

నేను కడపలో పెండ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. మా నాయన కూడా ఇదే వాయించినాడు. నాకు స్వరజ్ఞానం ఇచ్చింది ఆయన, ఆ తర్వాత మిగతాదంతా నేర్పింది సినిమా సంగీతం. మా బ్యాండులో క్లారినెట్, రెండు ట్రంపెట్లు, శాక్సోఫోన్, యుఫోనియం అనే పెద్ద ఇత్తడి బూర, డ్రమ్ములు, బండి మీద కీబోర్డు ఉంటాయి. కొత్త పాట వస్తే ఫోన్‌లో విని, స-రి-గ-మల్లో నోటు పుస్తకంలో రాసుకుని, అందరం కూర్చుని సాధన చేస్తాం. కాబట్టి ఒక సినిమాలో సంగీతం ఎట్లా ఉంది అనేది మాకు కాలక్షేపం మాట కాదు, కూటి విద్య.

లా లా ల్యాండ్ గురించి మీ కథనం ‘సిటీ ఆఫ్ స్టార్స్’ పాటతో మొదలై ఆ పాటతోనే ముగిసింది. ఆ పాట మంచిదే, 2017లో దానికి ఆస్కార్ వచ్చింది. అదే రాత్రి ఆ సినిమా సంగీత దర్శకుడు జస్టిన్ హర్విట్జ్‌కు ఉత్తమ స్కోరుకు, అంటే మనం రీరికార్డింగ్ అనే నేపథ్య సంగీతానికి, ఇంకో ఆస్కార్ వచ్చింది. పాటకు వేరు, స్కోరుకు వేరు. ఆ రెండోదాని మాట మీరు వదిలేశారు. నా దృష్టిలో ఆ సినిమాకు ప్రాణం ఆ రెండోదాంట్లోనే ఉంది.

ఆ సినిమా సంగీతం నా చెవిన పడింది ఒక పెండ్లి పుణ్యాన. పెండ్లికూతురు కడప పిల్లే, బెంగళూరులో ఉద్యోగం. రిసెప్షన్‌కు మా బ్యాండు మాట్లాడుకున్నారు. ముందు వారం ఆ అమ్మాయే ఫోన్ చేసి, “అన్నా, నేను స్టేజీ మీదికి వచ్చేటప్పుడు పాట వద్దు. ఒక ట్యూన్ పంపిస్తా, మీకు కుదురుతుందేమో చూస్తారా?” అని అడిగింది. పంపింది. ఒంటి పియానో. నిమిషన్నర ఉంటుంది. మొదట ఒక్కో స్వరమే, తొందర లేకుండా, మూడు లెక్కల నడకలో. కాసేపటికి వేళ్లు పరుగు అందుకుంటాయి. సినిమాలో అది వచ్చే చోటు తర్వాత చూశాను. రెస్టారెంటులో పియానో వాయించే కుర్రాడు యజమాని వాయించమన్న పండగ పాటలు పక్కనబెట్టి తన సొంత ట్యూన్ అందుకుంటాడు. దారిన పోతున్న అమ్మాయి ఆ చప్పుడుకు లోపలికి వస్తుంది. వాడి ఉద్యోగం పోతుంది. వాళ్లిద్దరి కథంతటికీ విత్తనం ఆ ట్యూనే.

ఆ ట్యూన్ కోసం వెతికితే ఆల్బమ్ దొరికింది. ఒకటి కాదు, రెండు. 2016 డిసెంబరు 9న పాటల ఆల్బమ్ ఒకటి, స్కోరు ఆల్బమ్ వేరుగా ఇంకొకటి విడుదల చేశారు. పాటల ఆల్బమ్ అన్నదాంట్లో కూడా 15 ముక్కలుంటే దాదాపు సగం మాటలు లేని సంగీతమే. ఇక స్కోరు ఆల్బమ్‌లో నిమిషం, రెండు నిమిషాల చిన్న చిన్న తునకలు కూడా వదలకుండా పెట్టారు. ఎక్కడా సంభాషణ అడ్డం రాదు, కారు హారన్ రాదు. ఏ వాయిద్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో శుభ్రంగా వినపడుతుంది. నాలాంటి వాడికి అది పాఠ్యపుస్తకం.

పాటల ఆల్బమ్‌లో ‘ప్లానెటేరియం’ అనే ముక్క ఉంది. లాస్ ఏంజెలిస్ గ్రిఫిత్ అబ్జర్వేటరీలో ఆ జంట నేల విడిచి నక్షత్రాల్లోకి తేలిపోతూ నాట్యం చేసే చోటు. నాలుగు నిమిషాల పైన ఒక్క మాట లేదు. అదే ఒంటి పియానో ట్యూన్‌ను ఈసారి మొత్తం ఆర్కెస్ట్రా అందుకుంటుంది. వయొలిన్లన్నీ కలిసి ఆ మూడు లెక్కల నడకను పైకి ఎత్తుకుపోతుంటే, వాటి కింద ఊదే వాయిద్యాలు గాలి నింపుతుంటాయి. ఆ గుంపులో క్లారినెట్ ఎక్కడుందా అని చెవి పెట్టి వినడం నాకు అలవాటు. పెండ్లి బ్యాండులో క్లారినెట్ అంటే పాడే గొంతు, అందరికంటే ముందుండేది. ఆర్కెస్ట్రాలో చాలా చోట్ల అది వెనక్కి తగ్గి వేణువుకో వయొలిన్‌కో తోడు నిలబడుతుంది. అట్లా తోడు నిలబడటం కూడా ఒక విద్య అని నాకు ఆ ఆల్బమ్‌తో బాగా ఎక్కింది. మా బ్యాండు పిల్లలకు ఇప్పుడు అదే చెప్తున్నాను. ట్రంపెట్ పాడేటప్పుడు నీ క్లారినెట్ ఊపిరి తగ్గించాలి, రీడు (ఊదే చోట ఉండే పలుచటి రెల్లు ముక్క) మీద పెదవి బిగువు సడలకుండా తగ్గించాలి, అప్పుడే రెండూ కలిసి మూడో రంగు వస్తుంది.

చివర ఏడు నిమిషాలు దాటిన ‘ఎపిలోగ్’ ఉంది. అప్పటికి వాళ్లిద్దరూ విడిపోయి ఏళ్లయింది, ఆమెకు వేరే పెండ్లి అయింది. భర్తతో కలిసి అనుకోకుండా అతని క్లబ్బుకు వస్తుంది. అతను ఆమెను చూసి, మాట్లాడకుండా, ఆ మొదటి ట్యూన్ వాయిస్తాడు. అక్కడి నుంచి జరగకుండా పోయిన జీవితమంతా ఆర్కెస్ట్రా చెప్పుకుంటూ పోతుంది. సినిమాలో అంతకుముందు విన్న ట్యూన్లన్నీ ఒకదాని వెనక ఒకటి కొత్త నడకల్లో తిరిగొస్తాయి. సంభాషణ లేదు. ఆఖరికి మళ్లీ ఒంటి పియానో మిగులుతుంది. సినిమా చూడకుండా ఆల్బమ్ మాత్రమే విన్నా ఆ కథ అర్థమవుతుంది. ప్రేమకథను మాట సాయం లేకుండా వాయిద్యాలతో చెప్పగలగడం కంటే సంగీత చిత్రానికి ఏం కావాలి? ఇంత పెద్ద సంగతిని మీ కథనం ఒక్క పాట దగ్గర ఆపేసింది.

ఇంకో సంగతి. తెర మీద ఆ పియానో ముందు కూర్చున్న నటుడు ర్యాన్ గాస్లింగ్ ఆ పాత్ర కోసం పట్టుబట్టి పియానో నేర్చుకున్నాడు, వేళ్లు ఆయనవే. మీరు అది రాశారు, సంతోషం. కానీ మన చెవిన పడే పియానో రికార్డింగ్‌లో వాయించిన కళాకారుడు ర్యాండీ కెర్బర్. లాస్ ఏంజెలిస్ దగ్గర సోనీ వారి రికార్డింగ్ హాలులో 90 మందికి పైగా వాద్యకారులు కూర్చుని వాయించిన స్కోరు అది. వాళ్లందరి పేర్లూ మీ పేజీలో పట్టవని తెలుసు. ఆ ఒక్క పియానో మనిషి పేరైనా పట్టేది కదా.

మన దగ్గరికి వస్తాను. ఆ రిసెప్షన్ బాగా జరిగింది. పియానో ట్యూన్‌ను క్లారినెట్‌కు మార్చుకుని, కింద యుఫోనియంతో మూడు లెక్కలు పట్టించి వాయించాం. ఆల్బమ్ శుభ్రంగా ఉంది కాబట్టి నేర్చుకోవడం సులువైంది. ఆ తర్వాత రాయచోటి పక్క ఒక పెండ్లి ఒప్పుకున్నాం. పెండ్లికొడుకు తమ్ముడు వచ్చి, “మాస్టరూ, మావోడు పందిట్లోకి వచ్చేటప్పుడు ఆ సినిమాలో హీరోయిన్‌ను మొదటిసారి చూసినప్పుడు వచ్చే బీజీఎం కావాల, పాట కాదు” అన్నాడు. ఈ మధ్య పెండ్లిళ్లలో ఇదే ఎక్కువ అడుగుతున్నారు. పాట కంటే నేపథ్య సంగీతమే జనం గుండెల్లో మిగులుతోంది. అది తెలుగు సినిమా, పాటలు అన్ని యాపుల్లోనూ ఉన్నాయి. ఆ సంగీతం మాత్రం ఎక్కడా లేదు.

చివరికి ఎవరో అభిమాని సినిమాలోంచి కత్తిరించి పెట్టిన ముక్క దొరికింది. దాంట్లో వాన చప్పుడు, బస్సు హారన్, హీరో పక్కన ఉన్న స్నేహితుడి మాటలు. వేణువు అందంగా ఒక గమకం మొదలుపెడుతుంది, సరిగ్గా అక్కడే స్నేహితుడు నోరు తెరుస్తాడు. మాటలు తీసేసే సాఫ్ట్‌వేర్‌తో మా కీబోర్డు అబ్బాయి తంటాలు పడినాడు. మాటలతో పాటు వేణువు కూడా సగం పోయి, రేకు డబ్బాలో ఊదినట్టు మిగిలింది. మధ్యలో నాలుగు ఆవర్తాలు ఏం వాయించారో ఎంత విన్నా తేలలేదు. ఆ ఖాళీని మా ఊహతో నింపి వాయించాం. పెండ్లివాళ్లు చప్పట్లు కొట్టారు. కానీ ఆ సంగీత దర్శకుడు రాసింది అది కాదు, ఆ వేణువు వాయించిన మనిషి ఊదింది అది కాదు. ఏడు సముద్రాల అవతలి సినిమా సంగీతం కడపలో ఉన్నదున్నట్టు నేర్చుకోగలిగాం, మన తెలుగు సినిమాది నేర్చుకోలేకపోయాం. నా ఆవేదనంతా ఇదే.

మన సినిమాలో రీరికార్డింగ్ తక్కువ పని అని ఎవరూ అనుకోకూడదు. పాటలు ముందే తయారవుతాయి, వాటికి సమయం దొరుకుతుంది. సినిమా ఎడిటింగ్ పూర్తయ్యాకే రీరికార్డింగ్ మొదలవుతుంది, విడుదల తేదీ నెత్తిమీద ఉంటుంది. రెండు రెండున్నర గంటల సినిమాలో ఎక్కడ సంగీతం రావాలో, అంతకంటే ముఖ్యం ఎక్కడ రాకూడదో తేల్చుకోవాలి. మద్రాసులో పాత రోజుల్లో వాద్యకారులందరూ ఒకే హాలులో స్టాండ్ల మీద నొటేషన్ పెట్టుకుని, తెర మీద బొమ్మ నడుస్తుంటే దానికి సరిగ్గా వాయించేవారు. ఒక్కరు తప్పితే అందరూ మొదటి నుంచి. ఇళయరాజా ఆ నొటేషనంతా, ఒక్కో వాయిద్యానికీ, స్వయంగా రాసి ఇస్తారని ప్రసిద్ధి. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి రికార్డు చేసే పద్ధతి వచ్చింది, కంప్యూటర్‌లోని వయొలిన్లు వచ్చాయి. నిజమైన వాద్యకారుడికి పిలుపు తగ్గింది. తగ్గిన చోట కూడా వాయిస్తున్న కొద్దిమంది పేర్లు చెప్పకపోతే రేపు ఏ పిల్లవాడు వయొలిన్ పట్టుకుంటాడు?

సాగరసంగమానికి ఇళయరాజాకు జాతీయ అవార్డు వచ్చిందని మీరు రాశారు. రుద్రవీణకు కూడా ఆయనకు వచ్చింది. అప్పుడు పాటలకూ నేపథ్య సంగీతానికీ కలిపి ఒకటే అవార్డు. 2009 సినిమాల నుంచి విడివిడిగా ఇస్తున్నారు. 2021 సినిమాలకు అవార్డులు ఇచ్చినప్పుడు పాటలకు పుష్పతో దేవిశ్రీప్రసాద్‌కు, నేపథ్య సంగీతానికి ఆర్ఆర్ఆర్‌తో కీరవాణికి వచ్చింది. రెండూ మన తెలుగుకే. ప్రభుత్వమే అవి రెండు వేర్వేరు విద్యలని ఒప్పుకుని పతకాలు ఇస్తుంటే, మన సమీక్షల్లో మాత్రం ‘నేపథ్య సంగీతం ఫర్వాలేదు’ అన్న మూడు మాటలతో సరిపెడుతున్నారు. కెమెరా గురించి, ఫైట్ల గురించి కూడా అంతకంటే ఎక్కువే రాస్తారు.

మన దగ్గర మంచి దారి వేసినవాళ్లు లేకపోలేదు. మా ఊరి పెద్ద దర్గాకు ఉరుసు సమయంలో ఏ.ఆర్. రహ్మాన్ వస్తారని అందరికీ తెలిసిందే. ఆయన కడప గాలి పీల్చి పోతారు కాబట్టి మావాడే అనుకుంటాం. 1995 నాటి బొంబాయి సినిమా క్యాసెట్‌లో పాటలతో పాటు మాటలు లేని ‘బొంబాయి థీమ్’ను కూడా పాటలకు సమానంగా పెట్టారు. అదీ ఒక ప్రేమకథకు కట్టిన సంగీతమే. ఐదు నిమిషాల పాటు వేణువు, దాని చుట్టూ వయొలిన్ల గుంపు. ఆ వేణువు నవీన్ కుమార్‌ది. వై.వి. స్ట్రీట్‌లో క్యాసెట్ల షాపులో అది మోగుతుంటే సైకిల్ దిగి నిలబడి విన్న కుర్రాళ్లలో నేనొకణ్ణి. నేను మాటలు లేని సంగీతాన్ని క్లారినెట్ మీద సాధన చేయడం దానితోనే మొదలుపెట్టాను. ఆ రోజుల్లో రహ్మాన్ క్యాసెట్ల లోపలి కాగితం విప్పితే ఎవరు ఏం వాయించారో పేర్లుండేవి. ఆ చిన్న అక్షరాల్లోనే మాలాంటివాళ్లకు వాద్యకారుల పేర్లు పరిచయమయ్యాయి. ఇప్పుడు క్యాసెట్ పోయింది, ఆ కాగితం పోయింది. ఫోన్‌లో పాట తెరిస్తే సంగీత దర్శకుడు, గాయకులు, రచయిత వరకే ఎక్కువగా కనపడుతున్నారు. కాగితం మీద చోటు చాలదనుకున్న కాలంలో పేర్లు వేశారు. ఎంత రాసినా చోటు అయిపోని ఫోన్ వచ్చాక తీసేశారు.

ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. మా బంధువు ఒకాయన కడప కోర్టులో ప్లీడరు. ఆయన చూపించిన దాని ప్రకారం, 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు 38బి సెక్షన్ కింద, ప్రదర్శించిన కళాకారుడికి తన పేరు చెప్పించుకునే హక్కు రాశారు. సినిమాల విషయంలో దానికి మినహాయింపులు ఉన్నాయట, నేను చట్టం లోతుల్లోకి పోను. హక్కు మాట పుస్తకంలో ఉన్నప్పుడు నిర్మాతలు మనసు పెడితే చాలు, ఎవరూ కోర్టుకు పోనక్కర్లేదు.

కొన్ని సినిమాల వాళ్లు ఈ మధ్య నేపథ్య సంగీతాన్ని ఓఎస్‌టీ (ఒరిజినల్ సౌండ్‌ట్రాక్) పేరుతో విడుదల చేస్తున్నారు. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. అయితే ఎక్కువగా భారీ సినిమాలకే, అందులోనూ యుద్ధాలు, హీరో నడకలు. ప్రేమకథల్లోని మెత్తటి సంగీతం, ఒక వీణ, ఒక వేణువు, నాలుగు వయొలిన్లతో అయిపోయే సంగీతం, సినిమాతో పాటే పోతోంది. పాత సినిమాలదైతే సంగతే లేదు. సాగరసంగమంలో పాటలు కాక మిగిలిన సంగీతాన్ని సంభాషణలు లేకుండా శుభ్రంగా వినాలన్నది నా చిన్ననాటి కోరిక. ఆ టేపులు ఎవరి దగ్గరైనా ఉంటే, అవి బూజు పట్టకముందే బయటికి తెస్తే పుణ్యం ఉంటుంది.

ఖర్చు అంటారేమో. రికార్డింగ్ ఖర్చు ఎటూ సినిమాకే పెట్టేశారు. సంభాషణలు ఒక ట్రాక్‌లో, సంగీతం ఇంకో ట్రాక్‌లో విడిగానే ఉంటాయి. వేరే భాషలోకి డబ్బింగ్ చేసేటప్పుడు మాటలు మార్చి సంగీతం అదే ఉంచుతున్నారు కదా. ఆ సంగీతాన్నే వరుసగా పేర్చి, పేరు పెట్టి యాపుల్లో ఎక్కించడానికి సినిమా బడ్జెట్‌లో లెక్కకు వచ్చేంత డబ్బు అవుతుందని నేననుకోను.

నా మనవి మొదట మీకే. సినిమా సమీక్షలో రీరికార్డింగ్‌కు నాలుగు వాక్యాలు కేటాయించండి. బాగుంది, బాగాలేదు అని కాకుండా ఏ సన్నివేశంలో ఏ వాయిద్యం ఏం చేసిందో రాయించండి. సంగీత దర్శకులతో ముఖాముఖి వేసినప్పుడు మీ విలేకరి ‘ఇందులో వేణువు ఎవరు వాయించారు, వయొలిన్లు ఎవరివి’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. పత్రికలో అచ్చయిందంటే తర్వాతి సినిమాకు వాళ్లే చెప్తారు. కడప ఆకాశవాణి వారికి కూడా మీ ద్వారా ఒక విన్నపం. వారానికి ఒక అరగంట, తెలుగు సినిమాల వాద్య సంగీతం, వాయించినవాళ్ల పేర్లు చదివి మరీ వినిపించండి. మా చుట్టుపక్కల ఊర్లలో బ్యాండుల్లో, నాదస్వరం మేళాల్లో ఉన్న పిల్లలు వింటారు. వాళ్లకు పాఠం చెప్పే బడి ఇంకేదీ లేదు.

మీ సినిమా పేజీ వాళ్లు ఎప్పుడైనా కడప వస్తే నాకు కబురు పెట్టండి. మా నోటు పుస్తకాలు చూపిస్తాను. శుభ్రమైన ఆల్బమ్ విని రాసుకున్న పేజీ ఎట్లా ఉందో, సినిమా ముక్కల్లోంచి ఏరుకుని రాసిన పేజీలో ఎన్ని చోట్ల ప్రశ్నార్థకాలు పెట్టుకున్నామో, రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసుకోవచ్చు.

ఇట్లు
మీ పాఠకుడు,
పెండ్లి బ్యాండు క్లారినెట్ కళాకారుడు,
నాగరాజుపేట, కడప.